గోడ మీద పడ్డ మాట

మార్చి 4, మంగళవారం

మామయ్య ఉద్యోగానికి ఎసరొచ్చింది.

ట్రైనింగ్ సెంటర్ ప్రిన్సిపాల్ మా ఆయనకు ఫోన్ చేశారు. మామయ్యకు ఫోన్ వినపడదు కాబట్టి ఆయనకు రావలసిన కబుర్లన్నీ కొడుకు ఫోన్‌కే వస్తాయి. పదమూడో తారీఖున కమిటీ కూర్చుంటుందట. వడ్రంగం వర్క్‌షాప్‌లో మామయ్యను మెషీన్ల దగ్గరే ఉంచాలా, తప్పించాలా అని. కిందటి నెల చెక్క నున్నగా చిత్రిక పట్టే ప్లేనర్ నడుస్తుంటే వెనక నుంచి ఒక స్టూడెంట్ ఆపమని అరిచాడట. ఈయన తిరగలేదు. చెక్క ఎగిరి గోడకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఈసారి కాలేదు గానీ, ఇంకోసారి అయితే ఎవరిది పూచీ అని ప్రిన్సిపాల్ అడిగారట.

ఆ రంపాల మోతే మామయ్య చెవులు తినేసింది. వినికిడి మిషన్ ఉంది. ఒక్క మనిషి ఎదురుగా నిలబడి నిదానంగా అరిస్తే కొంత అందుతుంది. నలుగురు చేరితే అంతా కలగాపులగం. అలాంటి మనిషి కమిటీ ముందు కూర్చుని ఎవరికని జవాబు చెబుతారు?

మా ఆయన విషయమంతా కాగితం మీద రాసి చూపించాడు. మామయ్య చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బాల్కనీలో కూర్చుని ఉలి నూరుకున్నారు.

అప్పుడు నేనే అన్నాను. నేను వెంట వస్తా, అక్కడ ఎవరేమన్నా అప్పటికప్పుడు టైప్ చేస్తా, పెద్ద స్క్రీన్ మీద చదువుకుంటూ మాట్లాడతారు అని. మా ఆఫీసులో నా అంత వేగంగా టైప్ చేసేవాళ్ళు లేరు. అత్తయ్య నా భుజం నిమిరారు. కోడలంటే ఇలా ఉండాలి అని నన్ను నేనే మెచ్చుకున్నాను. అడక్కముందే మెచ్చుకోవడం నాకు కొత్త కాదు.

మార్చి 6, గురువారం

రిహార్సల్.

మా ఆయన లాప్‌టాప్‌కి ఏ వైరు గుచ్చినా బొమ్మ వస్తుంది. నాది లైనక్స్. దాన్ని బతిమాలుకోవాలి. అటక మీది పాత మానిటర్ దించి, దుమ్ము దులిపి, కేబుల్ గుచ్చాను. నో సిగ్నల్. కేబుల్ పాడైందన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నాడు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. నాకు ఒళ్ళు మండింది. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, ఏ ఏ స్క్రీన్లు ఉన్నాయో చెప్పే xrandr అని కొడితే మానిటర్ తగిలించే ఉందని చెప్పింది. తగిలించి ఉన్నా, నువ్వు ఫలానా చోట ఉండు అని మనం చెప్పేదాకా వెలగదు. పిలిస్తే గానీ లోపలికి రాని చుట్టం. చెప్పాను. వెలిగింది.

రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి, పక్కపక్కన వేసిన రెండు బల్లల్లాగా. నా బల్ల మీద నా మెయిళ్ళు, చాట్‌లు, నా చెత్తంతా నాది. మామయ్య బల్ల మీద నేను టైప్ చేసే మాటలు మాత్రమే. రెండోది అద్దం. నా దాంట్లో ఏముంటే అక్కడా అదే. నాకు మొదటిదే నచ్చింది. అద్దం మోడ్ తెలివితక్కువవాళ్ళకు అని మా ఆయనకు చెప్పాను కూడా.

టీవీలో వార్తలు పెట్టి టైప్ చేశాను. మామయ్య కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ చదివారు. అక్షరాలు చిన్నవన్నారు. ఒక్కో చోట మార్చే ఓపిక లేక లాప్‌టాప్ మొత్తానికి అక్షరాలు పెద్దవి చేసేశాను. కాసేపు చదివాక మామయ్య, వీళ్ళు రోజూ చెప్పేది ఇదేనా, నేనేదో పోగొట్టుకుంటున్నాననుకున్నా అన్నారు. అందరం నవ్వాం. అత్తయ్య మళ్ళీ మళ్ళీ చెప్పుకుని నవ్వారు.

మార్చి 9, ఆదివారం

గొంతు బొంగురు పోయింది. జలుబు కాదు. మామయ్యను స్నానానికి లేవమనడానికి, గీజర్ ఆపారా అని అడగడానికి, పాప ఫీజు రసీదు ఎక్కడ పెట్టారో కనుక్కోవడానికి. మూడు ముక్కలకు ముప్పై కేకలు. రసీదు అడిగితే రేజర్ తెచ్చి ఇచ్చారు.

గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకు ఉన్నాయేమో గానీ, మామయ్య ముందు ఎవరం గొంతు తగ్గించం. ఆయన సంగతులు ఆయన ముందే మాట్లాడేస్తాం. ఆయన మా నోళ్ళ వంక చూస్తుంటారు. ఏంటి అని అడిగితే ఏం లేదు అని చెయ్యి ఊపుతాం. ఇవాళ కూడా ఊపాను. నిజానికి అప్పుడు ఆయన గురించే మాట్లాడుతున్నాం. ఆయన్ని మెషీన్ల దగ్గర ఉండనివ్వాలా వద్దా, నీ మనసులో మాట చెప్పు అని మా ఆయన అడిగాడు. తెలీదన్నాను. కొంచెం తెలుసు.

మార్చి 12, బుధవారం

రేపే. కేబుల్, అడాప్టర్, ఛార్జర్ బ్యాగులో పెట్టాను. ముందు రోజే వెళ్ళి అక్కడి ప్రొజెక్టర్‌తో ఒకసారి చూసుకుంటే మంచిదని మామయ్య అన్నారు. అక్కర్లేదు, నాకు తెలుసు అని కేక వేశాను. ఆయన చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకుంటున్నారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మార్చి 13, గురువారం, సాయంత్రం

రాయలేను.

మార్చి 14, శుక్రవారం, మధ్యాహ్నం

ఆఫీసుకు సెలవు పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. రాస్తాను.

ట్రైనింగ్ సెంటర్ మీటింగ్ రూమ్‌లో మానిటర్ లేదు. సీలింగ్‌కి ముసలి ప్రొజెక్టర్, ఎదురుగా తెల్ల గోడ. కేబుల్ కూడా పాత కాలంది. అడాప్టర్ ఉంది కదా అని ధీమాగా గుచ్చాను. గోడంతా నీలం రంగు. xrandr కొడితే తగిలించే ఉంది అంటోంది. పక్క బల్లలా పెట్టాను. నల్లగా అయిపోయింది. పిక్సెళ్ళు తగ్గించాను. ఒక్కసారి మెరిసి మళ్ళీ నీలం.

ప్రిన్సిపాల్ వాచీ చూసుకున్నారు. మెషీన్ల భద్రత చూసే సేఫ్టీ మేడమ్ ఫైలు తెరిచి మూసి తెరిచారు. మామయ్యతో ఏళ్ళ తరబడి పనిచేసిన ఫిట్టర్ మాస్టారు కమిటీలో మూడోవారు. ఆయన, మా కంప్యూటర్ ఉందమ్మా, దాంట్లో టైప్ చేసేయకూడదా అన్నారు. వద్దండీ, సెట్టింగులన్నీ దీంట్లో ఉన్నాయి అన్నాను. సెట్టింగులూ లేవు, నా మొహమూ లేదు. ఓడిపోవడం ఇష్టం లేక అన్నాను. చివరికి --same-as అని కొడితే, అన్నిటికన్నా తక్కువ పిక్సెళ్ళతో, గోడ నిండా మోటు బొమ్మ నిలబడింది. అద్దం మోడ్. తెలుసు నాకు. తెలిసే పెట్టాను. అన్ని విండోలూ కిందకి దించి, టైప్ చేసే పేజీ ఒక్కటే పెద్దది చేసి, ఇక మొదలుపెట్టండి అన్నాను.

బాగా జరిగింది. అదే నా కడుపు మండే సంగతి. ఎంత బాగా జరిగిందో. వినపడని మనిషికి మెషీన్ దగ్గర పిల్లల్ని ఎలా అప్పజెప్తాం అని సేఫ్టీ మేడమ్ అడుగుతున్నారు, నా వేళ్ళు పరుగెడుతున్నాయి, మామయ్య గోడ మీద చదివి నెమ్మదిగా జవాబిస్తున్నారు. స్టూడెంట్లు వెనక నిలబడకుండా నేల మీద గీత గీయిస్తానన్నారు. ప్రతి మెషీన్ పక్కనా ఎర్ర బల్బు, దానికో స్విచ్ పెట్టిస్తానన్నారు, ఎవరికి భయమేసినా నొక్కొచ్చని. సేఫ్టీ మేడమ్ అది రాసుకున్నారు. మొదట అరిచి మాట్లాడిన ప్రిన్సిపాల్ కూడా కాసేపటికి మామూలు గొంతులో మామయ్య మొహం చూసి మాట్లాడటం మొదలుపెట్టారు. మామయ్య కూర్చున్న తీరే మారిపోయింది. మోచేతులు బల్ల మీద ఆనించారు.

మధ్యలో సేఫ్టీ మేడమ్ ఏదో కాగితం కోసం ఫైలు వెతుకుతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. స్క్రీన్ మూలన మా ఆయన మెసేజ్ వచ్చింది, ఎలా అవుతోంది అని. నా చేతులు నన్ను అడగలేదు. రోజంతా ఆఫీసులో చేసే పనే. చాట్ తెరుచుకుంది. కొట్టాను. అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

బాగానే మాట్లాడుతున్నారు. కానీ నిజం చెప్పాలంటే ఆ సేఫ్టీ మేడమ్ అనేదే కరెక్ట్. ఇంట్లో మనం పడేది వీళ్ళకేం తెలుసు. పొద్దున లేస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేగా. మెషీన్ దగ్గర పిల్లల్ని ఈయనకెలా అప్పజెప్తారు.

ఎంటర్ కొట్టాను. వెంటనే మా ఆయన జవాబు. నిజమే, కానీ నాన్నతో ఈ మాట ఎవరంటారు.

కాగితాల చప్పుడు ఆగిపోయింది. దొరికింది కాబోలు, మళ్ళీ మాట్లాడతారని వేళ్ళు సిద్ధం చేసుకుని తల ఎత్తాను. అందరూ గోడ వైపు చూస్తున్నారు. నేను ఆయన కోసం పెంచిన ఆ పెద్ద పెద్ద అక్షరాల్లో నా మాట గోడంతా ఉంది. దాని కింద కొడుకు మాట.

మామయ్య పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదువుతున్నారు. చదివి సేఫ్టీ మేడమ్ వైపు తిరిగారు. గోడ మీద పడేది గదిలో ఎవరో అన్న మాటే అని ఆయనకు అప్పటికే అలవాటైపోయింది. ఆమె పెదవులు కదలడం లేదు. ప్రిన్సిపాల్ వైపు చూశారు. ఆయనా నోరు మూసుకునే ఉన్నారు. గదిలో ఎవరు మాట్లాడారో తెలియక ఒక్కొక్కరి నోరే చూసుకుంటూ వచ్చి, చివరికి నా దగ్గర ఆగారు.

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అది మింగదు. విండో మూసేశాను. చేతులు కాలాక ఆకులు.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, ఇంట్లోవాళ్ళ అభిప్రాయం ఇదేనా మాస్టారూ అని అడిగారు. ఆ ప్రశ్న మామయ్యకు వినపడదు. దాన్ని టైప్ చేయాల్సింది నేను. అందుకే కదా వెళ్ళింది. టైప్ చేశాను. ఒక అక్షరం తప్పు పడితే వెనక్కి వెళ్ళి దిద్దాను కూడా.

మామయ్య చదివి, నిజమేనండి అన్నారు.

అంతే. తర్వాత ఫిట్టర్ మాస్టారు ఆయన తరఫున ఏదో చెప్పబోయారు గానీ మామయ్య గోడ వైపు చూడటం మానేశారు. నేను టైప్ చేస్తూనే ఉన్నాను, చదివేవాళ్ళు లేకపోయినా. సోమవారం నుంచి మామయ్య టూల్స్ స్టోర్ చూసుకుంటారు. వర్క్‌షాప్‌లోకి వెళ్ళరు. అది కూడా నా చేతుల మీదుగానే గోడ మీద పడింది.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. లాప్‌టాప్ బ్యాగు ఆయనే పట్టుకున్నారు, బరువని. క్షమించండి అనాలి. ఆయనకు వినపడాలంటే బస్సంతా తిరిగి చూసేలా అరవాలి. అరిచి అడిగేది క్షమాపణలా ఉండదు, పోట్లాటలా ఉంటుంది. మెల్లగా అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నారు.

మార్చి 17, సోమవారం

స్టోర్‌కి వెళ్ళారు. ఎప్పటిలాగే వెళ్ళారు. టిఫిన్ బాక్సు మర్చిపోయి మళ్ళీ వచ్చారు.

అత్తయ్యకు ఏం జరిగిందో మామయ్య చెప్పలేదు. కమిటీ అలా అనుకుందట, ఏం చేస్తాం అన్నారట. అత్తయ్య వాళ్ళను శాపనార్థాలు పెడుతూ, పాపం నువ్వు అంత కష్టపడ్డావు అని నాకు టీ ఇచ్చారు. తాగాను. సిగ్గు లేకుండా కప్పు కడిగి పెట్టాను కూడా.

మా ఆయనకు ఇవాళ చెప్పాను. నా మెసేజ్ గోడ మీద పడిందని చెబితే నన్ను కొట్టేంత కోపంగా చూశాడు. నీ జవాబు కూడా పడింది అన్నాను. కూర్చుండిపోయాడు. నాన్న చదివారా అన్నాడు. చదివారన్నాను. మొత్తం చదివారా అన్నాడు. మొత్తానికి మొత్తం.

మార్చి 19, బుధవారం

మామయ్య ఎదురుపడితే వంటింట్లోకి, వంటింట్లోకి వస్తే బాత్రూమ్‌లోకి. సొంతింట్లో దొంగలా తిరుగుతున్నాను. ఆయన మాత్రం మామూలుగానే, అమ్మాయ్, నా కళ్ళజోడు చూశావా అంటున్నారు.

తిడితే బాగుండు.

మార్చి 21, శుక్రవారం

ఆగలేక ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. నేను రాసింది ఇంటి విసుగు, ఆయన పనితనం గురించి నాకేం తెలుసు, దయచేసి ఇంకోసారి పిలవండి అన్నాను. ఆయన నన్ను కూర్చోమనడానికి కాస్త టైమ్ తీసుకున్నారు.

పిలిచామమ్మా అన్నారు. మర్నాడు పొద్దున్నే పిలిచారట. బల్బుల సంగతి సేఫ్టీ మేడమ్‌కి నచ్చిందట, ఆమె అప్పటికి ఎటూ తేల్చుకోలేదట. మీ కోడలు రాసుకుంది సొంత విషయం, దాన్ని మేం చూడనట్టే అనుకుంటాం, టైప్ చేయడానికి ఇంకొకరిని పెడతాం, మళ్ళీ కూర్చుందాం అని కాగితం మీద రాసి ఇచ్చారట. మామయ్య ఒప్పుకోలేదు. బల్బు స్విచ్ నొక్కాలంటే భయపడ్డవాడికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి కదండీ, మెషీన్ దగ్గర రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయి, నేను కమిటీ ముందు దాన్ని దాటేశాను అన్నారట. పిల్లల వేళ్ళ విషయంలో మా అమ్మాయి రాసింది తప్పు కాదు, మిగతాది ఇంటి సంగతి, ఇంట్లో చూసుకుంటాను అన్నారట.

మా కోడలు అనలేదట. మా అమ్మాయి అన్నారట.

గేటు వైపు నడిచాను. స్టోర్ కిటికీ దగ్గర మామయ్య ఎవరికో రంపం ఇస్తూ కనిపించారు. తల వంచుకుని వచ్చేశాను. తీసేసింది కమిటీ అయితే తిట్టుకోవచ్చు. మోసం చేసింది నేనొక్కదాన్నే అయినా కాళ్ళ మీద పడొచ్చు. ఆయన నా మాటలో ఉన్న నిజాన్ని వేరు చేసి తీసుకున్నారు. మిగిలిందంతా నా దగ్గరే ఉంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మార్చి 22, శనివారం, సాయంత్రం

మానిటర్ మళ్ళీ తగిలించాను. మామయ్యను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, కేక వేయకుండా, టైప్ చేశాను. అంతా. విసుగు, గర్వం, ముందు రోజు వెళ్ళి చూసుకోమన్నా వెళ్ళకపోవడం, పక్క బల్ల కుదరక అద్దం పెట్టడం. శంఖం అన్నందుకు నా నోరు పడిపోవాలని కూడా రాశాను. అది నోటితో అన్నది కాదు కదా అని తర్వాత తోచింది. చెరిపేశాను. నేను చెరపడం కూడా ఆయన చూశారు.

చదవడం అయ్యాక, ఇంతకీ ఆ శంఖం ఊదేది నువ్వా మావాడా అన్నారు. నవ్వించడానికే అన్నారు. నేను ఏడ్చాను. ఆయన, ఒక్కటి అడుగుతా, నిజం రాయి అన్నారు. నేను పక్కనే ఉండగా మీరంతా నా గురించి ఇలా ఎప్పుడెప్పుడు మాట్లాడుకుంటారు అన్నారు.

రోజూ అని టైప్ చేశాను.

ఆ ఒక్క మాటను చాలాసేపు చదివారు. నేను ఎప్పుడు అడిగినా ఏం లేదు అంటారు, నిజంగానే ఏం లేదనుకునేవాణ్ణి అన్నారు. కోపంగా అనలేదు. కొత్త విషయం తెలిసినవాళ్ళు అన్నట్టు అన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లాప్‌టాప్‌లోనే పెట్టుకున్నాను.

లేవబోతూ, రేపు భోజనాల బల్ల మీద పెట్టు దీన్ని అన్నారు. నీ బల్ల నీకు, నా బల్ల నాకు వద్దు. ఆ రోజు గోడ మీద పెట్టావే, అలా పెట్టు అన్నారు.

మార్చి 23, ఆదివారం, మధ్యాహ్నం

పెట్టాను. అద్దం మోడ్. నలుగురు పెద్దవాళ్ళం, పాప. మామయ్య కళ్ళజోడు తుడిచి పెట్టుకుని మానిటర్ వైపు చూస్తున్నారు.

తెల్లటి పేజీ మీద కర్సర్ కొట్టుకుంటోంది. పాప నోరు తెరిచి, వాళ్ళ నాన్న వంక చూసి మూసుకుంది.

చాలాసేపటికి అత్తయ్య, ఎవరితో అన్నట్టూ కాకుండా, ఉప్పు తక్కువైంది అన్నారు. టైప్ చేశాను. మామయ్య చదివి, ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపారు.